బోదకాలు: దాని పుట్టుక, దాని మందు



నేను బడిపంతులుగా నుండిన గోదావరీతీర గ్రామములలో బోదకాలు నెరుగని వీథి లేదు. దానికి కారణము మాత్రము ఒక్కొక్క రొక్కొక తీరున జెప్పుదురు. కొందరు నీటిదోష మందురు. కొందరు వంశపారంపర్య మందురు. మరికొందరు పూర్వజన్మపాపమని తేల్చివేయుదురు. ఒక యింట తల్లికి బోదకాలున్నదని కూతునకు గుదిరిన సంబంధము తప్పిపోవుట నేను జూచితిని. వరుని తండ్రి నా పూర్వశిష్యుడు. "పంతులుగారూ, రేపు మా యింట బుట్టు బిడ్డల కీ కాలు రాదని మీరు పూచీ యిత్తురా?" యని యడిగెను. పుట్టుకతో రాదని పూచీ యీయవచ్చునుగాని, మీ దొడ్డివెనుక మురుగుగుంటనుండి రాదని యీయజాలనంటిని. అతనికి నా మాట రుచింపలేదు.

మన వైద్యగ్రంథములు దీనిని శ్లీపదమనినవి. శిలవలె గట్టిపడిన పాదమని పెద్దలు దానికి అర్థము చెప్పుదురు. పాతనీరు నిలిచి, అన్ని ఋతువులందును చల్లగానుండు దేశములయందే యీ వ్యాధి విశేషముగా బుట్టునని సుశ్రుతుడు వ్రాసెను. ఆయనకు దోమ కంటబడలేదుగాని, దోమ పుట్టుచోటు కంటబడినది.

ఈ వ్యాధికి మూలము దారమువంటి తెల్లని పురుగు. ఆడుపురుగు నాలుగంగుళముల లోపుండును. మగది అందు సగమైన నుండదు. అవి యుండుచోటు మీకు దెలియవలెనన్న మన డెల్టానే తలచుకొనుడు. పంటకాలువ చేనికి నీరు దెచ్చును. మురుగుకాలువ మిగిలిన నీటిని దీసికొనిపోవును. శరీరమునను రక్తనాళములు పంటకాలువల వంటివి. అవయవములలో నూరిన నీటిని మరల రక్తమునకు జేర్చు సన్నని నాళములు వేరుగ గలవు, అవి మురుగుకాలువలు. ఈ పురుగులు ఆ నాళములలో గాపురముండి యారేడేండ్లు బ్రతుకును. నాళము చెడినచో నీరు దిగక కాలు వాచును. మురుగుకాలువ పూడిన చేను మునుగుటయు నిట్టిదే.

పెద్దపురుగులు లక్షలకొలది పిల్లలను రక్తములోనికి విడుచును. ఇవి పగలు ఊపిరితిత్తుల నాళములలో దాగి, రాత్రి పదిగంటలు మొదలు రెండుగంటల దాక పైరక్తమున సంచరించును. రాత్రివేళ గుట్టు దోమకు దొరకుటకే యీ యేర్పాటు. రక్తపరీక్షకు ఉద్యోగులు నడిరేయి వచ్చి తలుపు తట్టుటకును కారణమిదియే, వారిని విసుగుకొనకుడు. పిల్లపురుగు దోమకడుపున జేరి, పదిపండ్రెండు దినములకు బెరిగి, దోమ మరల గుట్టినప్పుడు చర్మముపై జారి, ఆ గాటునుండి లోనికి బోవును.

ఇది తెలియుటకు చాల యేండ్లు పట్టినది. 1872లో కలకత్తాలో లూయిస్ అను వైద్యుడు మనుష్యరక్తమున నీ పిల్లపురుగులను గనెను. 1877లో చీనాదేశపు అమోయి పట్టణమున మాన్సన్ అను వైద్యుడు, ఈ పురుగులున్న తన తోటమాలిని దోమలచే గుట్టించి, ఆ దోమలను గోసిచూచి, లోపల పురుగు పెరుగుట గనిపెట్టెను. అయినను చచ్చిన దోమలు పడిన నీరు త్రాగుటచే రోగము వచ్చునని భావించెను. దోమముట్టెలోనే పురుగున్నదని 1900లో దేలినది.

ఇక ముఖ్యమైన మాట. పురుగున్నవారిలో ననేకులకు పైకి ఏ చిహ్నమును గానరాదు. కాళ్లు సన్నగా, మనిషి పుష్టిగా నుండును. రక్తమున మాత్రము పిల్లపురుగులు తిరుగుచుండును. ఊరికి రోగము పంచువాడతడే. కావున "నాకేమి రోగము? మాత్ర యేల?" యను ప్రశ్నకు బలము లేదు.

ఆ మాత్ర పేరు డైఇథైల్ కార్బమజైన్. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే పరిశోధనాలయమును నడుపుచుండగా, ఆయన బృందమువారు 1947లో దీనిని వెలువరించిరి. ఆయన స్వదేశమునకు మరలిరాకయే 1948లో అచటనే మరణించెను. గోదావరిజిల్లాల బిడ్డ పంపిన మందును గోదావరిజిల్లాల వారే చూరులో దోపుట నాకు గష్టముగా దోచును. అవును, మాత్రలు పుచ్చుకొని, ఉద్యోగి వీథి దాటగనే చూరులో దోపు గృహస్థులను నే నెరుగుదును.

2004 మొదలు మన దేశమున వ్యాధిగల జిల్లాలలో ఏటేట అందరికిని ఈ మాత్రలు ఉచితముగా బంచుచు వచ్చిరి. పదునైదేండ్లు నిండినవారికి నూరు మిల్లీగ్రాములవి మూడు, ఆరు మొదలు పదునాలుగేండ్ల వారికి రెండు, రెండు మొదలు అయిదేండ్ల వారికి ఒకటి. తోడుగా అల్బెండజోల్ ఒకటి. కొన్ని జిల్లాలలో మూడవ మందును జేర్చుదురు. రెండేండ్లలోపు శిశువులకు, గర్భిణులకు, తీవ్రరోగులకు ఈయరాదు. అన్నము తినియే మ్రింగవలెను. పిమ్మట కొందరికి జ్వరము, తలనొప్పి, వికారము గలుగును. రక్తములోని పురుగులు చచ్చుటచే గలుగు బాధ యది, ఒకటి రెండు దినములలో దగ్గును. పెద్దపురుగులన్నియు నొక్కసారి చావవు గనుక ఏటేట మ్రింగవలెను. జనులలో నూటికి 65 మందియైన మ్రింగనిచో ఫలము గానరాదు. పెద్దలు చావడిలో పదుగురి యెదుట ముందుగా మ్రింగినచో తక్కినవారు సందేహింపరు.

పెరిగిన కాలు మాత్రచే సన్నబడదు. ఇట్లు సన్నబరచెదమని ధనము గుంజువారిని నమ్మకుడు. వరిబీజమునకు శస్త్రచికిత్స గలదు. కాలికి మాత్రము శుభ్రతయే చికిత్స. ప్రతిదినము సబ్బుతోను, చల్లని మంచినీటితోను గడిగి, వ్రేళ్లసందులు తడిలేకుండ నద్ది, పగుళ్లకు వైద్యుడిచ్చిన లేపనము రాయవలెను. చలిజ్వరము, గజ్జలో బిళ్ల, కాలిమంట అప్పుడప్పుడు వచ్చుటకు ఆ పగుళ్లలో దూరిన సూక్ష్మక్రిములే కారణము. అట్టివేళ కాపడము పెట్టకుడు, గాట్లు పెట్టకుడు, వైద్యునియొద్దకు బంపుడు. పడుకొనునపుడు కాలు ఎత్తుగా నుంచవలెను. చెప్పులు, ఒరయకుండునట్లు, వాచిన కాలి కొలతకే కుట్టింపవలెను.