గ్రీకు రాజు ముఖం, శాతవాహన వెండి

మన దేశంలో నాణెం మీద రాజు ముఖం ఎప్పుడు మొదలైందో తెలుసా? అంతకుముందు నడిచిన వెండి ముక్కల మీద సూర్యుడు, చెట్టు, కొండ వంటి ముద్రలే ఉండేవి. పేరూ లేదు, ముఖమూ లేదు. ఆ రెండింటినీ తెచ్చినవాళ్లు వాయవ్యాన్ని ఏలిన గ్రీకులు.

వాళ్లలో పేరు మోసినవాడు మినాండర్. క్రీ.పూ. 2వ శతాబ్ది రాజు, రాజధాని సాగల, అంటే నేటి సియాల్‌కోట్. బౌద్ధుల ‘మిలిందపన్హ’లో నాగసేన భిక్షువును ప్రశ్నలతో నిలదీసే మిలిందుడు ఇతనే. ఇతని వెండి నాణెం ద్రఖ్మ రెండున్నర గ్రాములు కూడా తూగదు. ఒకవైపు రాజు ముఖం, చుట్టూ గ్రీకు లిపి. రెండోవైపు పిడుగు విసిరే అథీనా దేవత, చుట్టూ ఖరోష్ఠి లిపిలో అదే బిరుదు, అదే పేరు ప్రాకృతంలో. ఇలాంటి జంట లిపుల నాణేలే 1830లలో జేమ్స్ ప్రిన్సెప్‌కు ఖరోష్ఠి చదివే దారి చూపాయి.

మినాండర్ పోయిన దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా భరుకచ్ఛం (నేటి భరూచ్) రేవులో అతని ద్రఖ్మలు చెలామణిలో ఉన్నాయని ‘పెరిప్లస్’ అనే సముద్రయాన గ్రంథం రాసిన గ్రీకు రచయిత చెప్పాడు. పడమటి క్షత్రపుడు నహపాణుడు ఆ పద్ధతినే పట్టుకుని, తన ముఖం చుట్టూ గ్రీకు అక్షరాలు వేయించాడు. అతన్ని ఓడించిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి ఆ నాణేలను కరిగించలేదు, వాటి మీదే తన ముద్ర కొట్టించాడు! 1906లో నాసిక్ దగ్గర జోగళ్‌తెంబిలో బయటపడ్డ 13 వేలకు పైగా నాణేల్లో మూడింట రెండు వంతులు అలాంటివే. తల్లి గౌతమీ బాలశ్రీ శాసనం యవనులను, అంటే గ్రీకులను, అణచినవాడని కీర్తించిన రాజు, యవనుల నాణెపు తీరును మాత్రం వదల్లేదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే.

తర్వాతి శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి వెండి నాణెం మీదా రాజు ముఖం ఉంది. చుట్టూ ప్రాకృతం, వెనక ఉజ్జయిని గుర్తు, ఆరు గుట్టల కొండ, ఒక ద్రావిడ భాషలో రాత. అది తమిళమని కొందరు పండితులు, తెలుగుకు పూర్వరూపమని మరికొందరు అంటారు. ఈ వెండి పడమటి సీమల కోసం. మన ఆంధ్ర వైపు నడిచినవి ఎక్కువగా సీసపు నాణేలు. తీరంలో దొరికిన కొన్నిటి మీద రెండు తెరచాప కొయ్యల ఓడ కనిపిస్తుంది. ఇదే రాజు 27వ పాలనా సంవత్సరపు శాసనం చినగంజాంలో దొరికింది.

ప్రకాశం జిల్లా పశ్చిమాన ఆ శాతవాహన కాలాన్ని కళ్లారా చూడాలంటే దొనకొండ దగ్గరి చందవరం వెళ్లాలి. నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి వచ్చే గుండ్లకమ్మ ఒడ్డున, సింగరకొండ మీద మహాస్తూపం ఉంది. 1964లో వెలుగులోకి వచ్చింది, 1970లలో తవ్వకాలు జరిగాయి.

మార్కాపురం, గిద్దలూరు రైతులకు ఒక మనవి. దుక్కిలో పాత నాణెం తగిలితే చింతపండుతో తోమకండి, కరిగించకండి. అక్షరం అరిగితే రాజు పేరే పోతుంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దొరికిన చోటు కూడా గుర్తుపెట్టుకుని చెప్పండి.