పాత జీపులో "టక్" మంటే ఎక్కడ చూడాలి?

మన హాస్టల్లో చదివి, ఐ.టి.ఐ. చేసి, ఇప్పుడు షెడ్లలో పానాలు పట్టుకుంటున్న వాళ్ళం మేము. కవితలు, కథలు మిగతా మిత్రులు రాస్తారు కాబట్టి మాకు తెలిసిన పని గురించి రాస్తున్నాం.

మహీంద్రా వాళ్ళు 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. ఆ వంశంలో పుట్టినవే కమాండర్, మేజర్, ఎం.ఎం. 540 లాంటి బండ్లు. పాడేరు, చింతపల్లి, అరకు ఘాట్లలో సంతకు మనుషుల్ని, మూటల్ని మోసింది ఇవే. వీటి తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఉన్న బండే జాగ్రత్తగా నడుపుకోవాలి. సొంత బండికైతే 15 ఏళ్ళు దాటాక ప్రతి 5 ఏళ్ళకూ పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కూడా.

"పాత జీపు కదా, మోగకుండా ఎలా ఉంటుంది?" అని చాలామంది డ్రైవర్లు అంటారు. ఆ మాట మాకు నచ్చదు. మోత వేరు, దెబ్బ వేరు. గేరు మార్చినప్పుడు, గుంతలో దిగినప్పుడు ఒకే చోట నుంచి "టక్" మని వస్తే ఏదో ఒక బోల్టు తన పని మానేసిందని అర్థం.

ముందు బండి ఎలా నిలబడిందో చూద్దాం. కింద నిచ్చెన లాంటి ఛాసిస్. దాని మీద బాడీని బోల్టులతో బిగిస్తారు, మధ్యలో రబ్బరు ముక్కలో, క్యాన్వాసు పట్టీలో ఉంటాయి. ఇంజన్, గేర్‌బాక్స్, ఫోర్ వీల్ వేసే ట్రాన్స్‌ఫర్ కేసు కలిసి ఒకే ముద్ద. ఆ ముద్ద సాధారణంగా మూడు చోట్ల కూర్చుంటుంది: ముందు ఇంజన్‌కు రెండు వైపులా రెండు రబ్బర్లు, వెనక గేర్‌బాక్స్ కింద అడ్డపట్టీ మీద ఒకటి. వీటినే షెడ్లలో ఫౌండేషన్ రబ్బర్లు అంటాం.

నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ 750 చుట్లతో ఖాళీగా తిరుగుతున్నా సెకనుకు 25 దెబ్బలు కొడుతుంది. రోజంతా ఆ దెబ్బలు తినేది ఈ మూడు రబ్బర్లే. పైగా పాత విల్లీస్ రకం ట్రాన్స్‌ఫర్ కేసులో లో గేరు వేస్తే తిప్పే బలం 2.46 రెట్లు పెరుగుతుంది. చక్రాల్ని అంత బలంగా తిప్పేటప్పుడు ఇంజన్ ముద్ద కూడా ఎదురు తిరగబోతుంది. ముందుకు వెళ్ళేటప్పుడు ఎడమ వైపు, అంటే క్లీనర్ వైపు, పైకి లేస్తుంది. రివర్సులో కుడి వైపు లేస్తుంది. అందుకే ఘాట్లో తిరిగే బండికి సాధారణంగా ఎడమ రబ్బరే ముందు పోతుంది.

చూడటానికి పెద్ద సామాను అక్కర్లేదు. టార్చిలైటు, జాకీ, చెక్క దిమ్మ, ఒక టామీ రాడ్డు చాలు. కానీ ఒక మాట. చాలా పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేక్ చక్రాలకు ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. వెనక చక్రం ఒక్కటి జాకీతో లేపామంటే డిఫరెన్షియల్ వల్ల ఆ చక్రం గాలిలో తిరుగుతుంది, హ్యాండ్‌బ్రేక్ ఉన్నా బండి కదిలిపోతుంది. కాబట్టి నేల మీదున్న చక్రాలకు రెండు వైపులా రాళ్ళు పెట్టకుండా కిందికి దూరవద్దు. జాకీ ఒక్కదాన్నే నమ్మి అసలే దూరవద్దు.

కడగక ముందే చూడాలి. కదులుతున్న బోల్టు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలి ఉంటుంది, వాషరు అంచున ఇనుము అరిగి మెరుస్తుంటుంది. నీళ్ళు కొడితే ఆ సాక్ష్యం పోతుంది. తర్వాత బానెట్ ఎత్తి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి, ఫస్ట్ గేరులో క్లచ్ కొద్దిగా వదలాలి. రెండో వాళ్ళు పక్క నుంచి చూడాలి, బండి ముందు నిలబడకూడదు. ఇంజన్ కొద్దిగా ఒరగడం మామూలే. బ్రాకెట్ నుంచి లేచి మళ్ళీ "టక్" మని కూర్చుంటే రబ్బరు చిరిగిందన్నమాట. రివర్సులోనూ అలాగే చూడాలి. ఇంకా అనుమానముంటే ఇంజన్ ఆపి, చెక్క దిమ్మ అడ్డుపెట్టి జాకీతో కొద్దిగా ఎత్తితే రబ్బరులో పగులు నోరు తెరుచుకుంటుంది. దిమ్మ లేకుండా ఎత్తితే ఆయిల్ సంపు సొట్ట పడుతుంది.

పెట్రోలు జీపుకు తర్వాత డీజిల్ ఇంజన్ ఎక్కించిన బండ్లు మన వైపు చాలా ఉన్నాయి. వాటి బ్రాకెట్లు ఎవరో షెడ్డులో వెల్డింగ్ పెట్టినవి. అక్కడ రబ్బరు కంటే ముందు వెల్డింగ్ చూడండి. వెంట్రుకంత గీత కనిపించినా వదలవద్దు.

వెనక రబ్బరు పోతే గుర్తులు వేరు. క్లచ్ వదులుతుంటే బండి వణుకుతుంది, గేరు రాడ్డు చేతిలో ఎగురుతుంది, ఒక్కోసారి గేరు ఊడిపోతుంది. పాపం చాలామంది క్లచ్ ప్లేటు మార్పించి డబ్బు పోగొట్టుకుంటారు. అయితే ప్రతి "టక్" ఫౌండేషన్‌దే కాదు. ప్రొపెల్లర్ షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పి, క్రాసుల్లో ఆట ఉందేమో ముందే తేల్చుకోవాలి.

బాడీ సంగతికొస్తే, తలుపు నిన్న పడినట్టు ఈరోజు పడకపోయినా, బానెట్‌కూ మడ్‌గార్డుకూ మధ్య సందు ఒక వైపు పెరిగినా బాడీ బోల్టులు చూడాలి. బోల్టు బిగువుగానే ఉంటుంది, దాని చుట్టూ రేకు తుప్పు పట్టి ఊడి ఉంటుంది. అలాంటప్పుడు ఎంత బిగించినా లాభం లేదు, రేకు అతుకు వేయాల్సిందే. రబ్బరు పిండి బయటికి ఉబికేలా బిగించడం కూడా తప్పే.

ఇంతవరకూ చెప్పినవి చాలావరకు డబ్బుకు సంబంధించినవి. స్టీరింగ్ బాక్సు, కమాన్ కట్టల యూ బోల్టులు ప్రాణానికి సంబంధించినవి. ఇంజన్ ఆపి ఒకరు స్టీరింగ్ ఎడమకూ కుడికీ తిప్పుతుంటే, ఇంకొకరు బాక్సు ఛాసిస్‌కు బిగించిన చోట వేలు పెట్టి చూడాలి. బాక్సు కదిలినా, బోల్టు రంధ్రాల దగ్గర ఛాసిస్‌కు పగులు కనిపించినా ఆ బండిని సంతకు తీసుకెళ్ళకూడదు, కిరాయి పోయినా సరే. యూ బోల్టులు వదులైతే కమాన్ కట్ట మధ్య బోల్టు తెగి యాక్సిలే జరుగుతుంది. ఎదురుగా ఎవరైనా నిలబడి చూస్తే బండి నేరుగా వస్తున్నా పక్కకు నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

బిగించేటప్పుడు అన్నీ ముందు వేళ్ళతో ఎక్కించి, తర్వాత కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకటి పూర్తిగా బిగిస్తే పక్కది రంధ్రంలోకి దిగదు. యూ బోల్టులు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడు ఐమూలగా బిగించాలి. ముందు రబ్బర్లు రెండూ కలిపే మార్చాలి. ఇంజన్ నుంచి ఛాసిస్‌కు వెళ్ళే ఎర్త్ పట్టీ తెగిందేమో కూడా అప్పుడే చూడండి. అది తెగితే సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ దారి పట్టి దాన్ని కాల్చేస్తుంది. చివరగా ప్రతి నట్టు మీదుగా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. నాలుగు రోజులు తిరిగాక గీత విరిగి కనిపించిన చోట మళ్ళీ పానా పెట్టాలి.