పిల్లల తలలో తెల్లని పొట్టు: చుండ్రా? ఈపులా?

బడికి వెళ్ళే పిల్లల జుట్టులో తెల్లని పొట్టు వంటిది కనిపించగానే చాలామంది తల్లులు “చుండ్రు పట్టింది” అని నిర్ణయించుకుంటారు. నిమ్మరసం రాస్తారు, పెరుగు పట్టిస్తారు, ప్రకటనలలో చూసిన షాంపూ కొని తెస్తారు. నెల గడిచినా ఆ పొట్టు వదలదు. పైగా గోకుడు హెచ్చుతుంది. ఈలోగా ఇంట్లోని తక్కిన పిల్లల తలలలోనూ అదే కనిపిస్తుంది. అది చుండ్రు కాదనీ, పేలు పెట్టిన ఈపులనీ అప్పుడు తెలిసివస్తుంది. మరికొన్ని ఇళ్ళలో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. చర్మం పొడిబారి పొట్టు రాలుతూ ఉంటే పేలని భ్రమించి, ఘాటైన మందులు పసివారి తలకు పట్టిస్తారు. మొదటి పొరపాటు వలన బాధ ఇంటిల్లిపాదికీ పాకుతుంది. రెండవ దాని వలన లేని జబ్బుకు మందు వేసి, ఉన్న చర్మాన్ని చెడగొట్టుకున్నట్లవుతుంది.

ముందు రోగాన్ని పరీక్షించి, ఆ తరువాతనే ఔషధాన్ని ఆలోచించవలెనని చరక మహర్షి ఉపదేశం. రోగిని పరీక్షించుటకు వాగ్భటాచార్యుడు మూడు ఉపాయాలు చెప్పాడు: దర్శనం, స్పర్శనం, ప్రశ్న. అనగా కంటితో చూచుట, చేతితో తాకుట, అడిగి తెలుసుకొనుట. ఈ మూడింటినీ ఇంట్లో తల్లియే చేయగలదు. మంచి వెలుతురు, సన్నని పళ్ళ పేల దువ్వెన, పది నిమిషాల ఓపిక ఉంటే చాలును.

శాస్త్రం ఏమంటుంది?

చుండ్రును ఆయుర్వేదం దారుణకమని పిలుస్తుంది. సుశ్రుతుడు దీనిని క్షుద్రరోగాలలో చేర్చాడు. కఫవాతాల ప్రకోపం వలన తల చర్మం గరుకెక్కి, దురద పుట్టి, పగిలి పొట్టు లేచుట దీని లక్షణం. చర్మంపై సహజంగా నివసించే మలసీజియా అనే శిలీంధ్రం, తలలోని జిడ్డును ఆశ్రయించి ఈ బాధకు తోడ్పడుతుందని ఆధునిక వైద్యం చెబుతుంది.

పేనుకు యూకమనీ, ఈపికి లిక్ష అనీ సంస్కృత నామాలు. ఇవి బాహ్య క్రిములు. వాగ్భటుడు వీటిని నువ్వు గింజతో పోల్చి, అనేక పాదాలు కలవని వర్ణించాడు. నేటి కొలతల ప్రకారం ఎదిగిన పేను 2 నుండి 3 మిల్లీమీటర్లు ఉంటుంది, కాళ్ళు ఆరు. ఆచార్యుని పోలిక ఎంత చక్కగా అతికిందో గమనించండి.

దర్శనం

బిడ్డను పగటి వెలుతురులో కూర్చుండబెట్టి, జుట్టును పాయలుగా విడదీసి, మొదట చెవుల వెనుక భాగాన్ని, మెడ పైభాగాన్ని చూడవలెను. పేలు ఎక్కువగా గుడ్లు పెట్టే చోట్లు అవే. ఈపి కోడిగుడ్డు ఆకారంలో, మిల్లీమీటరు కన్న కొంచెం చిన్నదిగా, వెంట్రుకకు ఒక ప్రక్కన అంటుకొని ఉంటుంది. అన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. చుండ్రు పొట్టుకు నిర్ణీతమైన ఆకారం లేదు. పెద్దవీ చిన్నవీ కలిసి, నడినెత్తిన, నుదుటి అంచున, చర్మం మీదను, వెంట్రుకల నడుమను, భుజాల మీదను చెదరి ఉంటుంది.

చర్మానికి పావు అంగుళం లోపల ఉన్న గోధుమరంగు ఈపిలో సాధారణంగా ప్రాణం ఉంటుంది. దూరంగా తెల్లగా మెరిసేది చాలావరకు పిల్ల వెళ్ళిపోయిన డొల్ల. నల్లని జుట్టులో ఈ డొల్లలే ప్రస్ఫుటంగా కనిపించి చుండ్రును తలపిస్తాయి. డొల్లలు మాత్రమే కనిపించినంత మాత్రాన పేలు ఇంకా ఉన్నట్లు కాదు. కదిలే పేను దొరికినప్పుడే ఆ నిర్ణయానికి రావలెను.

స్పర్శనం

అన్నింటికన్న నమ్మదగిన పరీక్ష ఇదియే. ఆ తెల్లని దానిని వ్రేలితో విదిలించండి. చుండ్రైతే రాలిపోతుంది. ఈపి రాలదు, ఆడపేను దానిని జిగురుతో వెంట్రుకకు అతికించి ఉంటుంది. రెండు గోళ్ళ మధ్య పట్టి వెంట్రుక చివరి వరకు లాగితేనే వస్తుంది. కొందరికి వెంట్రుక చుట్టూ గొట్టం వంటి తెల్లని పొర ఏర్పడుతుంది. అది రాలకపోయినా, వెంట్రుక పొడుగునా సులభంగా జారుతుంది. అది ఈపి కాదు, దానికి పేలమందు అక్కరలేదు.

ఆ తరువాత తలకు కొబ్బరినూనె పట్టించి, తెల్లని గుడ్డ పరచి, పేల దువ్వెనను చర్మానికి ఆనించి కొసదాకా దువ్వవలెను. ప్రతి దువ్వుకూ దువ్వెనను గుడ్డకు తుడిచి చూడండి. నూనెలో పేలు చురుకుగా తప్పించుకోలేవు గనుక గుడ్డ మీద స్పష్టంగా కనిపిస్తాయి.

ప్రశ్న

బిడ్డ వయస్సును మొదట విచారించవలెను. చుండ్రు సాధారణంగా యౌవనారంభంలో, తలలో జిడ్డు పెరిగే కాలంలో మొదలవుతుంది. అయిదు నుండి పదేళ్ళ లోపు పిల్లల జుట్టులో తెల్లనివి కనిపిస్తే ముందుగా ఈపులనే అనుమానించుట మంచిది. దురద లేదు గనుక పేలు లేవనుకోరాదు. మొదటిసారి పేలు పట్టిన పిల్లలకు దురద పుట్టుటకు నాలుగు నుండి ఆరు వారాలు పట్టవచ్చును. ఒకే పక్కలో పడుకొనే తోబుట్టువులకు, జడ వేసే అమ్మమ్మకు కూడా దురద ఉన్నదేమో అడగండి. చుండ్రు ఒకరి నుండి ఒకరికి అంటదు, పేలు అంటుతాయి.

పేలకు చికిత్స

క్రిములకు చరకుడు చెప్పిన చికిత్సలో మొదటిది అపకర్షణం, అనగా చేతితోగాని సాధనంతోగాని తీసివేయుట. తలపేల విషయంలో నేటికీ ఇది ప్రధానమైన ఉపాయం. పైన చెప్పినట్లు నూనె పట్టించి, మూడు రోజులకొకసారి, రెండు వారాల పాటు తప్పక దువ్వవలెను. రెండు వారాలెందుకు? ఈపి పిగలడానికి 7 నుండి 10 రోజులు పడుతుంది. పుట్టిన పిల్ల గుడ్లు పెట్టే వయసుకు రావడానికి మరి 9 నుండి 12 రోజులు. ఒక్కనాడు శ్రద్ధగా దువ్వి ఊరుకుంటే మిగిలిన ఈపులు పిగిలి కథ మొదటికి వస్తుంది. చివరిసారి కూడా పేను కనిపిస్తే మరికొన్నాళ్ళు కొనసాగించవలెను.

ఇంటిల్లిపాదీ ఒకేనాడు చూపించుకోవలెను. దువ్వెనలను వేడినీటిలో పది నిమిషాలు ఉంచి, తలగడ గలేబులను వేడినీట ఉతికి ఎండలో ఆరవేస్తే చాలును. తలను వీడిన పేను ఒకటి రెండు రోజులకు మించి బ్రతకదు. ఇంతకూ లొంగకపోతే పెర్మెత్రిన్ వంటి మందును వైద్యుని సలహాపై వాడవచ్చును.

చుండ్రుకు

వారానికి రెండుసార్లు కుంకుడుకాయతోగాని శీకాయతోగాని తలంటుట, పులుసు కంట పడకుండా చూచుట, తలను బాగా ఆరనిచ్చుట ముఖ్యం. నానబెట్టిన మెంతులను రుబ్బి, పెరుగుతో కలిపి, అరగంట ఉంచి కడిగివేస్తే గరుకుదనం తగ్గుతుంది. చుండ్రు ఉన్నవారు రాత్రంతా నూనె ఉంచుకొనుట మంచిది కాదు. జిడ్డు ఆ శిలీంధ్రానికి ఆహారం.

చేయరాని పనులు

సీతాఫలం గింజల పొడి పేలను చంపుతుందనుట నిజమే. కాని అది కంట పడితే కార్నియాకు పుండు పడి తీవ్రమైన బాధ కలుగుతుంది, చూపు మసకబారుతుంది. తలకు రాసినది స్నానంలో కంట్లోకి జారకుండా పిల్లలను ఎవరు కాపాడగలరు? కనుక ఆ చిట్కాను మానుకొనుటే మేలు. ఒకవేళ కంట పడితే మంచినీటితో చాలాసేపు కడిగి, వెంటనే కంటి వైద్యుని చేరవలెను. కిరోసిన్, పురుగుమందులు తలకు తాకించరాదు; మొదటిది నిప్పు ప్రమాదం, రెండవది చర్మం గుండా దేహంలోకి ఎక్కే విషం. కర్పూరం, వేపనూనె పసివారి నోట పడితే మూర్ఛలు రావచ్చును గనుక వారికి అందనీయరాదు.

వైద్యుని అవసరం ఎప్పుడు?

గుండ్రని మచ్చలుగా పొట్టు లేచి, అక్కడ వెంట్రుకలు తెగి, నల్లని చుక్కలు మిగిలితే అది చుండ్రూ కాదు, పేలూ కావు. తలకు పట్టిన తామర కావచ్చును. దానికి పైపూత చాలదు, కొన్ని వారాలు లోనికి మందు అవసరం. చీము పట్టినా, జ్వరం వచ్చినా, మెడలో బిళ్ళలు కట్టినా ఆలస్యం చేయరాదు.

చివరిగా ఒక్క మాట. మాలిన్యం వలన క్రిములు పుడతాయని ప్రాచీనులు చెప్పారు. బట్టలను ఆశ్రయించే ఒంటిపేలకు అపరిశుభ్రత నేటికీ ముఖ్య కారణమే. తలపేలు మాత్రం శుభ్రమైన జుట్టునూ పడతాయి. అవి ఎగరవు, గెంతవు. ఆటలో, చదువులో తలకు తల తాకినప్పుడు ప్రాకి వస్తాయి. కాబట్టి పేలు పట్టిన బిడ్డను నలుగురిలో తిట్టుట, బడి మాన్పించుట, ఏడుస్తున్న ఆడపిల్లకు గుండు చేయించుట అన్యాయం. ప్రక్కింటి తల్లికి దాచక చెప్పండి. ఆమె కూడా ఆనాడే దువ్వెన పట్టుకుంటే మీ బిడ్డకు పేలు మళ్ళీ వచ్చే అవకాశం తగ్గుతుంది.