క్యాన్సరునుండి కోలుకొనిన పిల్లల దంతములు

1948వ సంవత్సరమున బోస్టను నగరమందు సిడ్నీ ఫార్బరను వైద్యుడు, రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు అమినాప్టెరిన్ అను మందిచ్చి, కొందరికి వ్యాధి కొంతకాలము తగ్గినదని ప్రకటించెను. నేడు సంపన్న దేశములలో ఆ వ్యాధి ఎక్కువగా కనబడు రకము సోకిన పిల్లలు నూటికి 85 మందికి పైగా అయిదేండ్లు దాటి బ్రతుకుచున్నారు. ఇట్లు బ్రతికి బట్టకట్టిన పిల్లల నోటిని గూర్చి కొంత చెప్పదలచితిమి.

పాలపండ్లు ఊడిన పిమ్మటనే శాశ్వత దంతములు పుట్టునని పలువురు తలంతురు. అది సరికాదు. ఆరవ యేట కనబడు పెద్ద దవడపన్ను, బిడ్డ పుట్టిన నాటికే దవడలోపల గట్టిపడ నారంభించును. పదవ యేటికి పైన వచ్చు చిన్న దవడపండ్లు రెండు మూడేండ్ల ప్రాయముననే మొదలగును. పన్ను బయటికి వచ్చిన పిదప వేరు పూర్తియగుటకు ఇంకను ఇంచుమించు 3 ఏండ్లు పట్టును.

క్యాన్సరు మందు వేగముగా పెరుగు కణములను చంపును. రోగపు కణమేదో, పంటిని కట్టుచున్న కణమేదో దానికి తెలియదు. కాలిన కుండను తాకిన నేమియు గాదు, సారెమీది పచ్చికుండను తాకిన వంకరపోవును, ఇదియు నట్టిదే. అయిదారేండ్ల లోపున చికిత్స పొందినవారికి కొన్ని పండ్లు అసలే రాకపోవచ్చును. కొన్ని మిక్కిలి చిన్నవిగా వచ్చును. కొన్నింటి పైపొర పలుచనై మచ్చలు పడును. కొన్నింటి వేళ్లు పొట్టివగును. తలకో మెడకో కిరణచికిత్స జరిగినచో హాని హెచ్చు. లాలాజలము తగ్గి నోరెండును, పుచ్చు త్వరగా పట్టును.

3వ యేట జరిగిన చికిత్స ఫలము 11వ యేట కనబడుట ఇందలి చిక్కు. అప్పటికి ఇంటివారు జబ్బుమాట మరచియుందురు; ఆడపిల్లయైనచో పెండ్లి సంబంధములకు అడ్డువచ్చునని కొందరు దాచుదురు గూడ. వీధిలోనివారికి చెప్పకున్న మానె, దంతవైద్యునికి చెప్పకుండుట మాత్రము పిల్లకే చేటు. పొట్టివేళ్ల పండ్లకు వరుసకై తీగలు బిగించిన అవి కదలిపోవచ్చును. కిరణములు సోకిన దవడనుండి పన్ను పెరికిన గాయము మానక ఎముకయే చెడవచ్చును. సంగతి తెలిసిన వైద్యుడు ముందుగా ఎక్స్‌రే తీయించి వేళ్లను చూచును. రావలసిన పన్ను లోపల లేదని తేలినయెడల, ఆ చోటి పాలపన్నునే పెరుకక కాపాడ జూచును.

ఇట్టి పిల్లలు 6 మాసములకొకసారి దంతవైద్యునికి నోరు చూపవలెను. ఇటుకపొడి, బొగ్గుపొడి పలుచని పైపొరను అరగదీయును గనుక వారికి పనికిరావు. ఫ్లోరైడు పేస్టు మేలు. ఆసుపత్రినుండి వచ్చునాడే, చికిత్స జరిగిన సంవత్సరము, మందుల పేర్లు, కిరణములు సోకిన చోటు వ్రాయించుకొని, ఆ కాగితమును బిడ్డ పుట్టినతేది పత్రముతో కలిపి పెట్టెలో నుంచవలెను.