బియ్యం బస్తాకు సీటు బెల్టు

శాంటా క్లారాలో ఎల్ కమీనో రియల్ రోడ్డు పొడవునా మన సరుకుల కొట్లున్నాయి. శనివారం పొద్దున ఏ కొట్టు ముందు నిలబడినా ఒక వేడుక కనిపిస్తుంది. ఎవరో ఒకరు ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తాను డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టి, దానికి శ్రద్ధగా సీటు బెల్టు తగిలించి బయల్దేరుతుంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు నవ్వొస్తుంది. పాతకాపులు నవ్వరు, ఎందుకంటే వాళ్ల బస్తాకూ బెల్టు ఉంటుంది. పెట్టకపోతే లారెన్స్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేలోపే కారు టింగ్ టింగ్‌మని మొదలుపెట్టి, ఇల్లు చేరేదాకా ప్రాణం తోడేస్తుంది.

కారుకు బియ్యానికీ మనిషికీ తేడా తెలియదు. దానికి తెలిసిందల్లా సీటు మీద పడ్డ బరువే. 1990లలో ముందు సీట్లో ఉన్న పసిపిల్లలు ఎయిర్‌బ్యాగ్ తాకిడికే చనిపోయిన ఘటనలు అమెరికాను కుదిపేశాయి. 2003 నుంచి 2006 దాకా దశలవారీగా కొత్త నిబంధనలు వచ్చాయి. వాటితో చాలా కంపెనీలు పక్క సీట్లో ఉన్నది పెద్దవాళ్లా, పిల్లలా అని పసిగట్టే ఏర్పాటు చేశాయి. కొన్ని కార్లలో సీటు కింద ద్రవం నింపిన సంచి మీద పడే ఒత్తిడిని కొలుస్తారు. కొన్నింటిలో సీటు బిగించిన చోటే బరువు కొలిచే సెన్సర్లుంటాయి. ఏదైనా ఒక హద్దు గీసుకోక తప్పదు. హద్దు కింద ఉంటే ఖాళీ సీటు, పైన ఉంటే మనిషి. బస్తా ఆ హద్దు దాటిందంటే కారు లెక్కలో అది బెల్టు పెట్టుకోని మొండి ప్రయాణికుడే.

ఈ గోలకు పెద్ద చరిత్రే ఉంది. 1974 మోడల్ కార్లలో అమెరికా ప్రభుత్వం ఒక తాళంలాంటిది పెట్టించింది. ముందు సీట్లలో ఉన్నవాళ్లు బెల్టు పెట్టుకుంటే తప్ప ఇంజను స్టార్టు కాదు. పక్క సీట్లో సరుకుల సంచి పెట్టినా, కుక్క ఎక్కినా బండి మొరాయించేది. జనం భగ్గుమన్నారు. 1974 అక్టోబరులోనే అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఆ తాళాన్ని పీకించింది. అంతటితో ఆగలేదు. బెల్టు కోసం బజరు మోగించమని కంపెనీలను ప్రభుత్వం ఆదేశించవచ్చు గానీ, ఎనిమిది సెకన్లకు మించి మోగించమనకూడదని కట్టడి చేసింది. అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ దాని మీద సంతకం పెట్టాడు. చిరాకుకు గడువు కట్టిన ఆ చట్టం 2012 దాకా అలాగే ఉంది.

అయితే ఎనిమిది సెకన్లంటే పాటలో పల్లవి అందుకునేంతసేపు కూడా కాదు. బెల్టు వద్దనుకున్నవాళ్లు అంతవరకు ఓపిక పడితే సరిపోయేది. 2000 మోడల్ నుంచి ఫోర్డ్ కంపెనీ ఎవరూ అడక్కుండానే ఇంకో పద్ధతి మొదలుపెట్టింది. ఆరు సెకన్లు మోగడం, ముప్ఫై సెకన్లు ఊరుకోవడం, మళ్లీ మోగడం, ఇలా ఐదు నిమిషాలు. అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ పరిశోధకులు ఆ కార్లను గమనిస్తే, బెల్టు పెట్టుకునే డ్రైవర్లు 71 శాతం నుంచి 76 శాతానికి పెరిగారని తేలింది. ఇంకా మొండిగా మోగే అలారం అన్ని కార్లలో ఉంటే, బెల్టు అలవాటు లేనివాళ్లలో దాని వాడకం 34 శాతం దాకా పెరుగుతుందనీ, ఏడాదికి దాదాపు 1,500 ప్రాణాలు నిలుస్తాయనీ అదే సంస్థ ఆ తర్వాత అంచనా వేసింది.

కాబట్టి విసిగించడమే తప్పని నేననను. బెల్టు అలారం విసిగించడానికే పుట్టింది. బియ్యం బస్తా సంగతి పక్కన పెడితే అది చెప్పేది దాదాపు ఎప్పుడూ నిజం. దేనికి మోగుతోందో తెలుసు, ఏం చేస్తే ఆగుతుందో తెలుసు, ఒక్క క్లిక్‌తో పని అయిపోతుంది. ఈ మూడూ లేకుండా మోగే శబ్దాల మీదే నా ఫిర్యాదు.

మన హైదరాబాద్‌నే తీసుకోండి. 2019 జులై 1 నుంచి భారత్‌లో తయారయ్యే కార్లన్నింటికీ వేగం అలారం తప్పనిసరి. 80 కిలోమీటర్లు దాటితే ఉండుండి మోగుతుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు మీద లోపలి రెండు లేన్లలో గరిష్ఠ వేగాన్ని 120కి పెంచారు. ఇప్పుడు గచ్చిబౌలిలో ఎక్కి శంషాబాద్ వైపు 100లో వెళ్తున్న డ్రైవరు చట్టం ప్రకారం ఏ తప్పూ చేయడం లేదు. అయినా కారు సణుగుతూనే ఉంటుంది. అతనేం చేయాలి? ఏమీ చేయడు. అలారం మోగినప్పుడు ఏమీ చేయకపోవడం అతనికి అలవాటవుతుంది. ఆ అలవాటు వేగం అలారం దగ్గరే ఆగుతుందన్న నమ్మకం లేదు.

బెల్టు చోట దూర్చి కారును ఏమార్చే క్లిప్పులు మన ఆటోమొబైల్ షాపుల్లో బహిరంగంగానే అమ్మేవారు. 2022 సెప్టెంబరులో వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రమాదంలో పోయాక ప్రభుత్వం కళ్లు వాటి మీద పడ్డాయి. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వాటి అమ్మకం ఆపమని ఐదు ఆన్‌లైన్ కంపెనీలను ఆదేశించింది, మొత్తం 13,118 క్లిప్పుల ప్రకటనలు తొలగించారు. క్లిప్పులు అమ్మినవాళ్లను తిట్టడం తేలికే. కానీ బెల్టు అలారం ప్రాణాలు కాపాడేదని, వేగం అలారం ఉత్త సణుగుడని డ్రైవరు విడదీసి చూడడం లేదు. అతని చెవికి రెండూ ఒకటే జోరీగ.

ఇందులో ఒక గణితం కూడా దాగుంది. ఢీకొట్టే ముప్పును పసిగట్టే పరికరం ఒకటి ఉందనుకుందాం. చాలా మంచి పరికరం. నిజమైన ముప్పు వందసార్లు వస్తే 99 సార్లు పట్టుకుంటుంది, ముప్పు లేని వంద సందర్భాల్లో ఒక్కసారే పొరపాటున మోగుతుంది. ఇప్పుడు వెయ్యి సందర్భాల్లో నిజంగా ముప్పున్నది ఒక్కదానిలోనే అనుకోండి. ఆ ఒక్కటీ పట్టుకుంటుంది. మిగిలిన 999లో ఒక శాతం, అంటే దాదాపు పదిసార్లు, ఊరికే మోగుతుంది. పదకొండు మోతల్లో పది అబద్ధాలు. పరికరం చెడ్డదై కాదు, ప్రమాదం అరుదు గనక. అమెరికాలో పరిశోధకుడు రాజా పరశురామన్, సహచరులు 1997లోనే కార్ల విషయంలో ఈ లెక్క కట్టి చూపించారు. అంతకు రెండేళ్ల ముందు జేమ్స్ బ్లిస్ బృందం జరిపిన ప్రయోగాల్లో జనం అలారాన్ని ఎంత నమ్మదగిందో అంతే పట్టించుకుంటారని తేలింది. సగంసార్లే నిజం చెప్పే అలారానికి ఇంచుమించు సగంసార్లే స్పందిస్తారు. ‘నాన్నా పులి’ కథలో ఊరివాళ్లను మనం చిన్నప్పటినుంచీ తప్పుపడుతూ వచ్చాం గానీ, వాళ్లు లెక్క ప్రకారమే నడుచుకున్నారు.

పులి నిజంగా వచ్చిన రోజూ ఉంది. 1987 జనవరి 4న మేరీలాండ్‌లోని చేజ్ దగ్గర సిగ్నల్ దాటి వచ్చిన సరుకు రైలు ఇంజన్లను ఆమ్‌ట్రాక్ ప్రయాణికుల రైలు గుద్దుకుంది. 16 మంది చనిపోయారు. సిగ్నల్ మారినప్పుడు ఆ సరుకు రైలు ఇంజన్లో కూతపెట్టి హెచ్చరించాల్సిన విజిల్‌కు టేపు చుట్టి ఉంది. ఆ మరుసటి ఏడాది రాబర్ట్ సార్కిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అకౌస్టికల్ సొసైటీ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. జనం మన అలారాలను ఎందుకు ఆపేస్తున్నారన్నది అందులో ప్రశ్న. వాళ్లను మందలించడానికి ముందు ఆ శబ్దాన్ని ఒకసారి మనమూ వినాలన్నది దాని సారం.

సరే, విందాం. మొన్నామధ్య 101 హైవే మీద రోడ్డు పని జరుగుతున్న చోట మా కారు ఉన్నట్టుండి కీచుమంది. పాత లేను గీతలు చెరిపీ చెరపక కొత్తవి గీశారు, కెమెరా పాత గీతను పట్టుకుంది. వెనక సీట్లో ఉన్న మా అమ్మ ఉలిక్కిపడి, “ఒరేయ్, అది ఎవర్నంటోంది? నన్నా, నిన్నా?” అంది. యంత్రాలను మనిషికి అనువుగా మలిచే ఎర్గానమిక్స్ చదివినవాళ్లు కూడా ఇంత సూటిగా అడగలేరు. ఆ శబ్దంలో ఎవరికి, ఎందుకు, ఎక్కడ అన్న మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేదు.

ఎక్కడ అన్నదానికి జవాబు లేకపోవడానికి చెవి నిర్మాణమే కారణం. శబ్దం ఎటునుంచి వచ్చిందో మెదడు రెండు రకాలుగా పోల్చుకుంటుంది. సుమారు 1,500 హెర్ట్జ్‌కు లోపు శబ్దాలైతే రెండు చెవులకూ చేరడంలో ఉన్న కాస్త సమయం తేడాను బట్టి. 3,000 హెర్ట్జ్ పైబడితే తల అడ్డుపడి ఒక చెవికి తక్కువగా వినిపించడాన్ని బట్టి. ఈ రెండింటి మధ్య ఉన్న శబ్దాల దగ్గర రెండు పద్ధతులూ తడబడతాయి. చవక బజర్లు కూసేది ఎక్కువగా ఈ ఇబ్బందికర ప్రాంతంలోనో, దాని అంచునో. పైగా చాలా బీప్‌లు ఒకే స్వరం. మెదడుకు ఆనవాలు దొరకాలంటే రకరకాల స్వరాలు కలిసి ఉండాలి. బ్యాటరీ అయిపోయిన పొగ అలారం అర్ధరాత్రి ఒక్కసారి కీచుమంటే, అపార్టుమెంటులో ఏ గదిలోదో కనిపెట్టలేక స్టూలు పట్టుకుని తిరిగినవాళ్లకు ఈ సంగతి వివరించనక్కర్లేదు.

ఈ చిక్కులన్నీ విమానాలవాళ్లు ఎప్పుడో ఎదుర్కొన్నారు. శాంటా క్లారా నుంచి అదే 101 మీద కాస్త దూరం వెళ్తే మాఫెట్ ఫీల్డ్ వస్తుంది. అక్కడి నాసా ఏమ్స్ కేంద్రం 1976 నుంచి పైలట్లు తమ పొరపాట్లను, తికమకలను పేరు బయటపడకుండా చెప్పుకునే ఏర్పాటు నడుపుతోంది. 1982లో బ్రిటన్‌లో పరిశోధకుడు రాయ్ ప్యాటర్సన్ కాక్‌పిట్ శబ్దాలకు నియమాలు రాశాడు. చుట్టూ ఉన్న రొదలో వినబడే స్థాయికి 15 నుంచి 25 డెసిబెల్స్ పైన ఉంటే చాలు, అంతకు మించితే మాటలు వినబడవు, ఆలోచన సాగదు. శబ్దం ఠక్కున పేలకూడదు, క్షణకాలంలోనైనా మెల్లగా లేవాలి. శబ్దాల సంఖ్య తక్కువగా ఉండాలి. తర్వాత పరిశోధకురాలు జూడీ ఎడ్వర్తీ స్వరం, వేగం, లయ మార్చితే వినేవాళ్లకు తొందర ఎంత పెరుగుతుందో కొలిచి చూపింది. ఇప్పటి జెట్ విమానాల్లో హెచ్చరికలకు వరుస ఉంటుంది. నిప్పు అంటుకుంటే ఒకటి, గమనిస్తే చాలన్నదానికి మరొకటి, కొన్నింటికి అసలు చప్పుడే ఉండదు. రన్‌వే మీద వేగం అందుకున్నాక, పైకి లేచి కాస్త ఎత్తు చేరేదాకా చాలా చిన్న హెచ్చరికలను కంప్యూటరే నొక్కిపెడుతుంది. ఆ కొద్ది సెకన్లలో పైలట్‌ను కదిలించకూడదని. ఎడమవైపు తిరగడానికి సందు కోసం చూస్తున్న డ్రైవరుకు వాషర్ నీళ్లు తగ్గాయని టింగ్‌మనే కారును ఇక్కడ తలచుకోండి.

కార్లు ఆ పాఠం ఎందుకు నేర్వలేదు? నా ఉద్దేశంలో, బీప్ మరీ చవకైపోయింది గనక. శాంటా క్లారా పక్కనే సన్నీవేల్‌లో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం హాన్స్ కామెన్‌జింద్ 1971లో రూపొందించిన 555 టైమర్ చిప్‌ను మన పాలిటెక్నిక్ కుర్రాళ్లు ల్యాబ్‌లో బజరు కట్టడానికి వాడతారు. అంతకంటే చవకగా శబ్దం పుట్టించడం కష్టం. ఇప్పుడు ఆ చిప్ కూడా అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్‌లో ఒక లైను రాస్తే స్పీకరు మోగుతుంది. బ్రేకుల బృందం ఒకటి, తలుపుల బృందం ఒకటి, కెమెరాల బృందం ఒకటి, ఎవరి బీప్ వాళ్లు జోడిస్తారు. రేపు కోర్టులో “మేం హెచ్చరించాం” అనడానికి పనికొస్తుందని లాయర్లూ కాదనరు. డాష్‌బోర్డు బొమ్మలకు అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఆయిల్ డబ్బా గుర్తు ఏ కంపెనీ కారులోనైనా ఆయిల్ డబ్బాయే. ఏ శబ్దానికి ఏ అర్థమన్నదానికి అలాంటి ఉమ్మడి నిఘంటువు లేదు. శాన్ హోసే విమానాశ్రయంలో అద్దె కారు తీసుకుంటే ఆ కంపెనీ యాస కొత్తగా నేర్వాలి. కారుకు చూపు నేర్పే చిప్పులు శాంటా క్లారాలోనే ఎన్విడియాలో రూపొందుతున్నాయి. చూపు అంత పెరిగినా గొంతు మాత్రం 1974 దగ్గరే ఉంది.

చట్టాలు చేసేవాళ్లకూ ఇది కొరుకుడు పడడం లేదు. వేగపరిమితికి పది మైళ్లు మించితే కొత్త కార్లు డ్రైవరును ఒకసారి హెచ్చరించాలని కాలిఫోర్నియా శాసనసభ చేసిన బిల్లును 2024 సెప్టెంబరులో గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు, వాహన భద్రత ఫెడరల్ ప్రభుత్వం చూసుకోవాల్సిన పని అని. నిజానికి ఆ బిల్లు అడిగింది ఒక్క బీప్. మన ఔటర్ రింగ్ రోడ్డు మీది కారు కంటే అది ఎంతో మర్యాదైనది. అదే ఏడాది జులై నుంచి యూరోపియన్ యూనియన్‌లో కొత్త కార్లన్నీ వేగపరిమితి బోర్డులు చూసి హెచ్చరించాలి. డ్రైవరు ఆపేసుకోవచ్చు గానీ, బండి మళ్లీ స్టార్టు చేయగానే అది మళ్లీ మొదలవుతుంది.

బీప్‌ల గోల కారు లోపలే ఆగలేదు. 2024 ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కోలో వేమో కంపెనీ డ్రైవరు లేని కార్లు ఒక పార్కింగ్ లాట్‌లో తెల్లవారుజామున నాలుగింటికి ఒకదాన్ని చూసి ఒకటి హారన్లు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. వెనక్కి వస్తున్న బండి మరీ దగ్గరైతే హారన్ కొట్టమని అంతకుముందు వాటికి నేర్పారు. రోడ్డు మీద అది మంచి జాగ్రత్తే. లాట్‌లో మాత్రం కొట్టిన కారులో మనిషి లేడు, విన్న కారులోనూ లేడు. లేచి కూర్చున్నది చుట్టుపక్కల అపార్టుమెంట్ల జనం. కంపెనీ సాఫ్ట్‌వేర్ సరిచేసింది. కార్లు ఒకదానికొకటి దారి ఇచ్చుకోవడానికి హారన్ అక్కర్లేదని వాటికి మళ్లీ నేర్పాల్సి వచ్చింది.