రొమ్ముక్యాన్సర్ నివేదికలో ‘నెగెటివ్’: కణోపరితల ప్రోటీన్లు – తెలుగు పరిభాష

వ్యాససంగ్రహం: పాలగ్రంథి వికాసంలోను, రొమ్ముక్యాన్సర్‌లోను కణాల ఉపరితలాన ఉండే ప్రోటీన్ల పాత్రను వివరిస్తూ, వైద్యనివేదికల్లోని ‘నెగెటివ్’ అనే పదం తెలుగులో కలిగించే అర్థభ్రాంతిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పాలగ్రంథి, కణత్వచం, హెర్2, నెగెటివ్, పరిభాష.

1. ప్రవేశిక:

తెనాలిని ఆనుకొని ఉన్న అంగలకుదురు నుంచి గుంటూరుకు వైద్యానికి వెళ్ళిన స్త్రీ చేతికి ‘హెర్2 నెగెటివ్’ అన్న కాగితం వస్తే, ఇంట్లోవారు దాన్ని ఎలా చదువుకుంటారు? కోవిడ్ తర్వాత తెలుగులో ‘నెగెటివ్ వచ్చింది’ అంటే ‘జబ్బు లేదు’ అనే అర్థం స్థిరపడింది. ఈ పరీక్షను మాత్రం రొమ్ముక్యాన్సర్ ఉన్నదని తేలిన తర్వాతే చేస్తారు. ఆ క్యాన్సర్ కణాలపై ఒక ప్రోటీన్ అధికంగా ఉందా అన్నదే ఇందులోని ప్రశ్న. మాటను పొరపాటుగా అర్థం చేసుకుంటే చికిత్సే ఆగిపోయే ప్రమాదం ఉంది.

2. పాలగ్రంథి వికాసం:

శరీరంలోని చాలా అవయవాలు పుట్టుకనాటికే రూపం దిద్దుకొంటాయి. పాలగ్రంథి వికాసం ఎక్కువభాగం పుట్టిన తర్వాత జరుగుతుంది. యౌవనంలో నాళాలు కొమ్మలుగా చీలతాయి. గర్భధారణలో పాలను స్రవించే బుడిపెలు ఏర్పడతాయి. బిడ్డ పాలు మానాక అవి కుదించుకుపోతాయి. ఇన్ని మార్పుల్లోనూ కణాలు ఒకదాన్నొకటి పట్టుకొని ఉండాలి, సంకేతాలు అందుకోవాలి. కణత్వచం నుంచి వెలుపలికి పొడుచుకొని ఉండే ప్రోటీన్లు ఆ పని చేస్తాయి. నాళం లోపలివరుస కణాలను ఈ-క్యాథరిన్ కలిపి ఉంచుతుంది. లోబ్యులర్ రకం క్యాన్సర్‌లో సాధారణంగా ఇది లోపిస్తుంది. పట్టుతప్పిన కణాలు ఒంటివరుసలో చుట్టుపక్కల కణజాలంలోకి చొరబడతాయి. అందుకే ఈ రకం కొన్నిసార్లు గడ్డగా చేతికి తగలదు. 2006లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఉపరితల ప్రోటీన్లనే ఆనవాళ్ళుగా తీసుకొని ఎలుక పాలగ్రంథి నుంచి ఒక్క కణాన్ని వేరుచేసి, దాని నుంచి సంపూర్ణ గ్రంథి ఎదగడాన్ని చూపారు.

జన్యువు ఆదేశంతో ప్రోటీన్ తయారుకావడాన్ని ‘వ్యక్తీకరణ’ అంటున్నారు. సాహిత్యవిద్యార్థికి భావాన్ని స్ఫురింపజేసే ఈ మాట ఇక్కడ పరిమాణాన్ని సూచిస్తుంది.

3. హెర్2 స్వభావం:

ఆరోగ్యకరమైన రొమ్ముకణాల మీద కూడా హెర్2 కొద్దిగా ఉంటుంది. రొమ్ముక్యాన్సర్లలో సుమారు 15–20 శాతంలో 17వ క్రోమోజోముపై ఉన్న దీని జన్యువుకు ప్రతులు పెరిగి, ప్రోటీన్ విపరీతంగా తయారవుతుంది. గ్రాహకాన్ని తాళంతో, దాన్ని ప్రేరేపించే పదార్థాన్ని తాళంచెవితో పోల్చడం పాఠ్యపుస్తకాల అలవాటు. హెర్2కు ఆ పోలిక కుదరదు. దానికంటూ తాళంచెవి ఏదీ కనిపించలేదు. సాటి గ్రాహకంతో జతకట్టి కణవిభజనను పురికొల్పుతుంది. 1987లో డెన్నిస్ స్లామన్ బృందం ఈ ప్రతులు పెరిగినవారిలో వ్యాధి తీవ్రంగా ఉంటుందని చూపింది. హెర్2ను అంటిపెట్టుకొని అడ్డుకొనే ట్రాస్టుజుమాబ్‌కు 1998లో అమెరికాలో ఆమోదం లభించింది.

4. ‘నెగెటివ్’కు తెలుగు:

నివేదికలో హెర్2ను 0, 1+, 2+, 3+ అని గుర్తిస్తారు. 3+ పాజిటివ్, 2+ అయితే జన్యుపరీక్ష అవసరం, 0, 1+ నెగెటివ్. అంటే 1+లో ప్రోటీన్ కొంత ఉన్నా మాట ‘నెగెటివ్’ అనే చెబుతుంది. 2022లో వ్యాధి వ్యాపించిన దశలోని ఇలాంటివారికి కొత్త ఔషధం ఆమోదం పొందడంతో, ఇంగ్లీషులోనే ‘హెర్2 లో’ అనే వర్గం వాడుకలోకి వచ్చింది. దాన్ని తెలుగులిపిలో రాస్తే విభక్తిప్రత్యయంలా కనిపించడం మరో చిక్కు! ‘స్వల్ప హెర్2’ అంటే సరిపోతుంది.

‘ట్రిపుల్ నెగెటివ్’ మరింత ప్రమాదకరమైన పదబంధం. కణకేంద్రకంలో ఉండే ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ గ్రాహకాలు లేకుండా, హెర్2 కూడా అధికంగా లేని క్యాన్సర్ ఇది. హార్మోన్ మాత్రలు, ట్రాస్టుజుమాబ్ దీనిపై పనిచేయవు, కీమోథెరపీ ప్రధానాధారం. దీన్ని ‘త్రిగ్రాహకరహితం’ అనడం కన్నా ‘మూడు గుర్తులూ లేని క్యాన్సర్’ అనడం మేలని నా అభిప్రాయం. భౌతికశాస్త్రం చదివి, విజ్ఞానాన్ని వాడుకతెలుగులో రాసిన తెనాలి రచయిత కొడవటిగంటి కుటుంబరావు అనుసరించిన మార్గం కూడా ఇలాంటిదే. పరిభాష స్థిరపడేలోగా, నివేదిక అడుగున ‘నెగెటివ్ అంటే క్యాన్సర్ లేదని అర్థం కాదు, చికిత్స అవసరం’ అన్న ఒక్క తెలుగువాక్యాన్నైనా ముద్రించవచ్చు.