ఓరిక్స్ తిరిగి వచ్చింది, మరి కలివికోడి?

బహ్రెయిన్‌లో పెరుగుతున్న మన పిల్లల్లో చాలామంది అల్ అరీన్ వన్యప్రాణి పార్కులో ఓరిక్స్‌ను చూసే ఉంటారు. తెల్లని ఒళ్ళు, కత్తుల్లాంటి పొడవాటి కొమ్ములు ఉన్న జింక అది. ఎడారిలో అది ఒకప్పుడు పూర్తిగా అంతరించిపోయిందనీ, మళ్ళీ మనుషులే దాన్ని తెచ్చి వదిలారనీ మీకు తెలుసా?

కార్లు, తుపాకులు వచ్చాక వేట మితిమీరింది. 1962లో కొందరు జంతు ప్రేమికులు ఏడెన్ ప్రాంతపు ఎడారిలో వెతికి, మిగిలిన ఓరిక్స్‌లలో మూడింటిని కాపాడగలిగారు. లండన్ జూ, కువైట్, సౌదీ పాలకులు ఇచ్చినవాటితో కలిపి మొత్తం 9 జంతువులతో అమెరికాలోని ఫీనిక్స్ జూలో ఒక మంద తయారైంది. 1972లో ఒమాన్‌లో చివరి ఓరిక్స్‌లు వేటగాళ్ళకు బలయ్యాయి. మా కంప్యూటర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, అసలు ఫైలు పోయింది, బ్యాకప్ మిగిలింది!

1982లో ఒమాన్ ఎడారిలో ఓరిక్స్‌లను తిరిగి వదిలారు. అక్కడి హరాసీస్ తెగవారినే కాపలా పెట్టారు. 1990ల మధ్యకి అవి 400 దాటాయి. అయితే దొంగవేట మళ్ళీ మొదలై, 2007 నాటికి 65 మాత్రమే మిగిలాయి. అభయారణ్యాన్ని కూడా 90 శాతం కుదించడంతో, యునెస్కో ఆ ఏడాదే దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తొలగించింది. అదృష్టవశాత్తు ఇతర దేశాల్లో వదిలిన మందలు నిలదొక్కుకున్నాయి. 2011లో ఓరిక్స్‌ను 'అంతరించే ప్రమాదంలో ఉన్నవి' అన్న వర్గం నుంచి ఒక మెట్టు కింది ప్రమాద వర్గానికి మార్చారు.

దీన్నిబట్టి తెలిసేదేమిటి? జూలో పిల్లల్ని పెట్టించడం పునరుద్ధరణ ప్రణాళికలో ఒక భాగమే. ఆ జాతి ఎందుకు తగ్గిందో కనిపెట్టి ఆ కారణాన్ని ఆపాలి. అది బ్రతికే చోటును కాపాడాలి. స్థానికులను కలుపుకోవాలి.

ఇక మన కలివికోడి సంగతి చూద్దాం. రాత్రిపూట తిరిగే ఈ చిన్న పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది! దానికోసం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. కానీ ఏ జూలోనూ కలివికోడి లేదు. అంటే దీనికి బ్యాకప్ లేదు. పనికిరాని బీడులా కనిపించే ఆ ముళ్ళపొదల నేలే దానికున్న ఒకే ఒక్క ఇల్లు.

పిల్లలూ, ఈసారి ఓరిక్స్‌ను చూసినప్పుడు కలివికోడి గురించి మీ స్నేహితులకు చెప్పండి. పేరు తెలిసినదాన్నే కదా మనం కాపాడుకోగలం!